కైండ్లీ రిటర్న్

గోధుమరంగు సంచి మంచం మీద నోరు తెరుచుకుని ఉంది. ఆడపడుచు అందులో ఒక్కొక్కటే సర్దుతోంది. హాల్లో మిషను ముందు కూర్చున్న టైలరమ్మ కర్టెన్ అంచు కుడుతున్నట్టే కనిపిస్తూ, ఓరగా తెరిచిన తలుపులోంచి ఆ సంచిలోకి దిగే ప్రతి వస్తువునూ చూస్తోంది.

తువ్వాలు దిగింది. సబ్బుపెట్టె దిగింది. మందుల డబ్బా దిగింది. అంతవరకు ఫరవాలేదు. నాలుగు రోజులకి ఊరెళ్ళే మనిషికైనా అవన్నీ కావాలి. ఆ తర్వాత ఆడపడుచు అలమర పైఅరలోకి చెయ్యి చాపి బూడిదరంగు స్వెట్టర్ తీసింది. బయట ఎండ పెళపెళలాడుతోంది. చలికాలం ఎక్కడో ఉంది. స్వెట్టర్ మడిచి, అరచేత్తో అదిమి, అప్పటిదాకా సర్దినవన్నీ మళ్ళీ పైకి తీసి, దాన్ని అడుగున పెట్టింది.

టైలరమ్మ కాళ్ళు తొక్కుడు చెక్క మీద ఆగిపోయాయి. సూది గుడ్డలోకి దిగి అక్కడే నిలబడిపోయింది.

అడుగున పెట్టింది. అంటే ఇప్పుడప్పుడే తీసే పని లేదన్నమాట. చలికాలం దాకా అక్కడే ఉంటుందన్నమాట.

వారం కిందట వంటింట్లో ఫోన్ మాటలు టైలరమ్మ చెవిన పడ్డాయి. పక్క ఊళ్ళో ఉండే పెద్దక్క గొంతు, ఫోన్ చెవికి ఆనించుకున్నా వీధిదాకా వినిపిస్తుంది. "ఆ ఇంట్లో ఏముందే నీకు? ఉద్యోగం కూడా అయిపోయింది. తూర్పు గది ఖాళీగా ఉంది, పొద్దున్నే ఎండ పడుతుంది. వచ్చి ఉండిపో." దానికి ఆడపడుచు ఒక్క మాటే అంది. "చూద్దాంలే అక్కా."

చూద్దాం అంటే ఏమిటి? వెళ్ళి చూద్దామనా, ఉండి చూద్దామనా? ఆ రోజు నుంచి టైలరమ్మకి తిన్నది ఒంటబట్టలేదు. ఎవరైనా గుమ్మం దాటుతుంటేనే ఆమె ప్రాణం గుప్పిట్లోకి వస్తుంది. పాలవాడు వెళ్తున్నా మెట్లు దిగేదాకా చూస్తుంది. ఇక ఈ మనిషి వెళ్ళిపోతే ఈ ఇంట్లో మిషను చప్పుడు తప్ప మరో చప్పుడు ఉండదు.

అడగాల్సింది ఒక్క ముక్క. ఎప్పుడొస్తారు అని. లేకపోతే, ఎప్పుడొస్తావు అని. చిక్కంతా అక్కడే ఉంది.

వరసకి టైలరమ్మ వదిన. వయసుకి ఆడపడుచే ఆరేళ్ళు పెద్ద. పెళ్ళయిన కొత్తలో ఈమె ఆమె వయసు చూసి "వదినగారూ" అంది. ఆమె ఈమె వరస చూసి "వదినగారూ" అంది. "ఇద్దరూ వదినలైతే మరదలెవరే? నేనా?" అని ఆయన పగలబడి నవ్వారు. నవ్వారే గాని తేల్చలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ తేల్చాల్సిన అవసరమూ రాలేదు. ఇద్దరూ ఆయన మీదుగా మాట్లాడుకునేవాళ్ళు.

"మీ చెల్లెలికి చెప్పండి, పాలు పొంగుతున్నాయని."

"మీ ఆవిడకి చెప్పన్నయ్యా, ఎప్పుడో కట్టేశానని."

ఆయన కాటాలు బాగుచేసే మెకానిక్కు. మధ్యలో కూర్చుని కాటా ముల్లులా అటొకసారి ఇటొకసారి తల తిప్పేవారు.

ఆయన వెళ్ళాక ఆ దారి మూసుకుపోయింది. తెలుగు మాటకి తోక ఉంటుంది. వస్తారు, వస్తావు, తిన్నారా, తిన్నావా. ఆ తోక దగ్గరకి వచ్చేసరికి ఇద్దరూ మాట మింగేసేవాళ్ళు. అందుకని తోక లేని మాటలతో నెట్టుకొచ్చారు. "టీ అయింది." "మోటారు ఆపాలి." "అన్నం తినడం అయిందా?" "వాన వచ్చేలా ఉంది, తీగ మీద బట్టలు." ఎవరో దారిన పోయేవాళ్ళు వింటే ఇద్దరూ గోడలతో మాట్లాడుతున్నారనుకోవాలి.

తోక లేని మాటలు పలకరింపులకి సరిపోయాయి గాని పనుల పంపకానికి సరిపోలేదు. ఒకే వంటిల్లు, ఒకే బాత్రూము, ఒకే మెట్లదారి. స్టవ్ ఎవరు తుడవాలి, చెత్తబుట్ట ఎవరు దించాలి, మెట్లు ఎవరు కడగాలి? ఆడపడుచు ఆఫీసులో టైపు కొట్టి కొట్టి అరిగిన మనిషి. ఒకరోజు ఫ్రిజ్ తలుపు మీద ఇంగ్లీషు చీటీ వెలసింది. దాన్ని పట్టుకుని ఆయన పనిముట్లలోంచి తీసిన నల్లటి అయస్కాంతం ముక్క. "జెంటిల్ రిమైండర్. కైండ్లీ వైప్ ద స్టవ్ ఆఫ్టర్ యూజ్. థాంక్స్ ఇన్ అడ్వాన్స్."

టైలరమ్మ నిఘంటువు దగ్గర పెట్టుకుని చదివింది. ఆమె ఇంగ్లీషు ఎవరూ నేర్పింది కాదు. మందు సీసాల మీదా, మిషను కంపెనీ పుస్తకంలోనూ, వీధి చివర లైబ్రరీ పుస్తకాల్లోనూ తనంతట తను ఏరుకున్నది. జెంటిల్ అంటే మెత్తగా అని ఉంది. మెత్తగా గుర్తుచేస్తోందట. మెత్తగా అని రాసి మరీ గుర్తుచేస్తోందంటే, గట్టిగా చెప్పాలని ఉందన్నమాట. ఆ చివరిదాన్ని చూస్తే ఒళ్ళు మండింది. పని చేయించుకోకముందే థాంక్స్ అడ్వాన్సు కట్టేసింది. అడ్వాన్సు పుచ్చుకున్నాక పని ఎగ్గొట్టడానికి ఉంటుందా?

అయినా ఆ చీటీలో ఒక సుఖం కనిపెట్టింది టైలరమ్మ. ఇంగ్లీషులో "యూ" ఒక్కటే. పెద్దకీ అదే, చిన్నకీ అదే. వదినకీ మరదలికీ అదే. దానికి తోక లేదు. మర్నాడు ఆమె కూడా చీటీ రాసింది. "ప్లీజ్ క్లోజ్ ద ట్యాప్ యూ." చివర్లో ఆ యూ ఎందుకో తెలియకపోయినా, ఉంటే మర్యాదగా ఉంటుందనిపించింది. కింద ఆడపడుచు అక్షరాల్లో జవాబు వచ్చింది. "నోటెడ్."

అలా ఫ్రిజ్ తలుపు ఆ ఇంట్లో ఆయన కుర్చీలో కూర్చుంది.

*

ఆడపడుచు స్నానానికి వెళ్ళింది. సంచి మంచం మీద ఒంటరిగా ఉంది. ఆయన సంచి అది. కాటా రాళ్ళ బరువుకి పట్టీ తెగిపోతుంటే టైలరమ్మే రెండు పొరల దారంతో కుట్టింది. జిప్పు కొసన చిన్న ఇత్తడి తాళం, నోరు తెరుచుకుని, చెవి లేకుండా వేలాడుతోంది.

టైలరమ్మ లేచింది. ఈ మాట ఇంగ్లీషులోనే అడగాలి. కానీ ఎలా? గుర్తుచేయడం వచ్చు, ఆపమనడం వచ్చు, తుడవమనడం వచ్చు. తిరిగి రమ్మని ఎలా అంటారు?

మిషను పక్కన లైబ్రరీ పుస్తకం ఉంది. చివరి అట్ట లోపల అతికించిన కాగితం మీద, వరసగా వేసిన తేదీ ముద్రల పైన, ఎప్పుడూ ఉండే వాక్యమే ఉంది. "కైండ్లీ రిటర్న్ ఆన్ ఆర్ బిఫోర్ ద డ్యూ డేట్." ఆ వాక్యమంటే ఆమెకి మొదట్నుంచీ ఇష్టం. తన దగ్గర్నుంచి వెళ్ళిపోతున్న పుస్తకంతో లైబ్రరీ చెప్పుకునే మాట అది. వెళ్తున్నావు, సరే. దయచేసి ఫలానా తేదీలోపు తిరిగి రా. పుస్తకాలు కూడా ఎంత బుద్ధిగా తిరిగి వస్తాయి! కాగితం నిండా ముద్రలే అందుకు సాక్ష్యం.

బట్టల కొలతలు రాసుకునే చీటీ ఒకటి చించి, చాక్ ముక్క పక్కనున్న పెన్సిల్‌తో రాసింది. కైండ్లీ రిటర్న్. తేదీ వెయ్యబోయి ఆగింది. తేదీ వేస్తే మరీ దబాయించినట్టు ఉంటుంది. ఈసారి యూ కూడా పెట్టలేదు. పిన్నీసు తీసి, చీటీని సంచి లోపలి అరకి, తెరవగానే కళ్ళబడేలా గుచ్చింది. బాత్రూములో నీళ్ళ చప్పుడు ఆగింది. గబగబా వచ్చి మిషను ముందు కూర్చుంది. ఒక్క మూరెడు అంచు వంకరగా కుట్టింది.

ఆటో వచ్చింది. కింద కొట్లో తాళాలు బాగుచేసే ఆయన సంచి అందుకోవడానికి మెట్లెక్కి వచ్చాడు. కొట్టు తీసుకుని రెండేళ్ళయింది గాని, పరాచికాలకి ఇరవై ఏళ్ళ చనువు.

"ఏంటమ్మా, టైపిస్టమ్మగారు ఊరెళ్తే ఇక ఆ ఫ్రిజ్జు పోస్టాఫీసుకి సెలవేనా?" అన్నాడు. ఇత్తడి తాళాన్ని వేలితో ఊపి చూశాడు. "దీనికి చెవి చేసిస్తానంటే వినరు గదా మీరు."

"దాని చెవి ఆయన దగ్గరుందండీ."

"ఆయనెప్పుడొస్తారు మరి?"

"పనిమీద వెళ్ళారు," అంది టైలరమ్మ, ఎప్పుడూ చెప్పే మాటే. ఆడపడుచు చెప్పులు వేసుకోవడం ఆపి ఒక్క క్షణం ఇటు చూసింది. మెట్ల మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అంది.

"వెళ్తున్నా."

వెళ్ళొస్తా అనలేదు. వెళ్తున్నా అంది.

"ఊఁ," అంది టైలరమ్మ.

*

మొదటి రోజు ఇల్లంతా తనదే అనిపించింది. స్నానానికి తొందర లేదు. తీగ మీద బట్టలకి చోటు వెతుక్కోనక్కర్లేదు. కర్టెన్లు పూర్తిచేసింది. స్కూలు నిక్కర్లకి అంచులు వదిలిపెట్టింది, పిల్లలు పెరిగాక దించుకోవడానికి. రెండోరోజు టీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్తే స్టవ్ మీద గోధుమరంగు చారిక కనిపించింది. అలవాటుగా కళ్ళు ఫ్రిజ్ వైపు వెళ్ళాయి. ఎవరికి రాయాలి?

ఆ చారిక తనదే. టీ పొంగే వేళకి మిషను దగ్గరకి పరిగెత్తే అలవాటు తనది. ఇన్నాళ్ళూ తుడుస్తున్నానని అనుకుంది. తుడిచింది గాని, తుడిచినప్పుడల్లా ఆ చారిక సగానికి సగం ఆడపడుచు ముందే తుడిచేసి ఉండేదని ఇప్పుడు తెలిసింది.

మూడోరోజు బాత్రూములో నీళ్ళు పోలేదు. చీలమండల దాకా నిలబడ్డాయి. జాలీ ఎత్తి, ముక్కు మూసుకుని, వేలు పెట్టి లాగింది. వెంట్రుకలు కావు వచ్చినవి. దారప్పోగులు. కర్టెన్ నీలం, నిక్కర్ల ఖాకీ, ఎవరిదో జాకెట్టు ఎరుపు, అన్నీ కలిసి ఉండలా చుట్టుకున్నాయి. రోజంతా బట్టలకి, పాదాలకి అంటుకున్న పోగులు స్నానంలో జారి అక్కడ చేరుతున్నాయి.

టైలరమ్మ ఆ ఉండ చేతిలో పట్టుకుని బాత్రూము గుమ్మంలో చాలాసేపు నిలబడింది. పోయిన నెలలో తను రాసిన చీటీ గుర్తొచ్చింది. "ప్లీజ్ రిమూవ్ యువర్ హెయిర్." దాని కింద నోటెడ్ అని పడింది. అంతే. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా నీళ్ళు ఆగలేదు. నీ దారాలే తీస్తున్నానని ఆ మనిషి ఒక్క ముక్క రాయలేదు. రాయడానికి ఫ్రిజ్ అక్కడే ఉంది, ఇంగ్లీషూ ఆమె దగ్గరే ఉంది.

ఆ ఉండను చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుని, మిషను ముందు కూర్చుంది. సూదిలో దారం ఎక్కలేదు. కళ్ళు చెమ్మగిల్లితే సూది బెజ్జం రెండుగా కనిపిస్తుంది.

*

నాలుగోరోజు మధ్యాహ్నం తాళాలాయన కిందనుంచి కేకేశాడు. "అమ్మా, మీ సంచి వచ్చింది!"

టైలరమ్మ చేతిలో కత్తెర జారి కాలి పక్కన పడింది. మెట్ల దగ్గరకి వచ్చేసరికి ఆయన సగం ఎక్కి, గోధుమరంగు సంచిని పై మెట్టు మీద పెట్టాడు.

"మనిషేదీ?"

"మనిషి రాలేదమ్మా. సంచే. మీ పెద్దక్కగారి అల్లుడట, కారులో వచ్చాడు. పనుంది, పైకి రాలేనని నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు."

టైలరమ్మ గోడ పట్టుకుని మెట్టు మీదే కూలబడింది. అప్పుడూ ఇంతే. ఇదే సంచి, ఇదే మెట్టు. ఆయనతో పనిచేసే మనిషి తెచ్చి పెట్టాడు. ఏటి అవతలి ఒడ్డున మిల్లులో కాటా చెడిపోతే, సంచి లాడ్జిలోనే ఉంచి, చేతిలో పట్టేంత పనిముట్లు తీసుకుని లాంచీ ఎక్కారని చెప్పాడు. ఆ లాంచీ ఒడ్డు చేరలేదన్న సంగతి ఆ తర్వాత చెప్పాడు.

"నీళ్ళు తేనా అమ్మా?"

"వద్దు," అంది. జిప్పు లాగింది. సంచి ఖాళీ. ఉతికి, ఆరబెట్టి, లోపలి అరలు కూడా తుడిచి పంపింది. పిన్నీసుకి తన చీటీయే ఉంది. దాని కింద, గీత గీసినట్టుండే అక్షరాల్లో, ఆడపడుచు రాత. "రిటర్న్‌డ్ విత్ థాంక్స్."

టైలరమ్మ రెండుసార్లు చదివింది. రిటర్న్‌డ్. తిరిగి వచ్చేశాను. థాంక్స్‌తో సహా వచ్చేశాను అంటోంది! మరుక్షణం సంచి అక్కడే వదిలేసి మెట్లన్నీ దిగి వీధిలోకి పరిగెత్తింది. ఎండలో కళ్ళు చిట్లించి అటు చూసింది, ఇటు చూసింది. కూరల బండి, సైకిళ్ళు, ఎదురింటి మెట్ల మీద పిల్లి.

"ఎవరికోసమమ్మా?" వెనకాలే దిగొచ్చాడు తాళాలాయన.

"వచ్చేసిందట. రాసింది."

"ఎవరూ దిగలేదమ్మా కారులోంచి. నేను చూశాను గదా."

టైలరమ్మ మెల్లగా మెట్లెక్కింది. సంచి ఎత్తుకుని లోపలికి తెచ్చింది. మిషను పక్కన పుస్తకం వెనక అట్ట తిప్పి, ఆ కాగితం వంక, చీటీ వంక, మార్చి మార్చి చూసింది. కైండ్లీ రిటర్న్. పుస్తకానికి చదవడం రాదు. తన కాళ్ళతో తను రాదు. దాన్ని ఎవరో ఒకరు చేత్తో తీసుకెళ్ళి ఇచ్చిరావాలి. ఇన్నేళ్ళూ తనే తీసుకెళ్ళి ఇచ్చింది.

అయ్యో.

అయితే తను ఏం రాసినట్టు? ఆయన సంచి నాకు తిరిగి ఇచ్చెయ్ అని. ఊరెళ్తున్న మనిషి సంచిలో, తెరవగానే కనబడేలా, అన్న సంచి చెల్లెలికి దక్కనివ్వనని గుచ్చి పంపింది.

*

ఫోన్ పెద్దక్కే ఎత్తింది. "ఏమ్మా, సంచి చేరిందా? ఇంకేమైనా పంపాలా? ఆ పిన్నీసు కూడా నీదేనటగా!"

"ఒకసారి ఫోన్ ఇవ్వండి వదినగారూ."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత ఊపిరి. ఆ ఊపిరిని టైలరమ్మ ఎక్కడైనా గుర్తుపడుతుంది.

"సంచి అందిందా?" అంది ఆడపడుచు.

"అందింది."

"ఉతికే పంపడం జరిగింది."

"చూడడం జరిగింది."

తోక లేని మాటలు అయిపోయాయి. టైలరమ్మ ఫోన్ తీగ వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

"సంచి గురించి రాయలేదు నేను."

"మరి?"

"మనిషి గురించి."

"ఏ మనిషి?"

"ఈ ఇంట్లో ఇంకెవరున్నారు, మనుషులు?"

మెల్లగా, టైపు అక్షరాలు ఒక్కొక్కటే నొక్కినట్టు వచ్చింది గొంతు. "కైండ్లీ రిటర్న్ అంటే... తిరిగి రమ్మనా?"

"లైబ్రరీ పుస్తకం వెనకాల ఉంటుందిగా."

"అది పుస్తకం తెచ్చి ఇమ్మని!"

"నాకేం తెలుసు? పుస్తకాన్నే పిలుస్తున్నారనుకున్నా."

మొదట దగ్గు అనుకుంది టైలరమ్మ. కాదు, నవ్వు. ఆడపడుచు నవ్వుతోంది. ఆపుకోలేక, ఊపిరాడనంతగా నవ్వుతోంది. వెనకనుంచి పెద్దక్క "ఏమైందే, ఏమైందే" అంటోంది. "పుస్తకాన్ని పిలిచిందటక్కా! రారా బంగారం అని!" మళ్ళీ నవ్వు. అచ్చం అన్నగారిలాగే, చివర్లో ఈలలా సాగే నవ్వు. విని ఎన్నేళ్ళయింది! టైలరమ్మకి కూడా పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. చెంపలు తడిసేసరికి అది ఏడుపో నవ్వో తెలియలేదు.

"సంచి తెరవగానే అదే కళ్ళబడింది," అంది ఆడపడుచు, ఊపిరి తీసుకుని. "సరే, ఆవిడ భర్త సంచి, ఆవిడ హక్కు అనుకున్నా. ఇక అక్కడ మనకేం ఉంది, ఇక్కడే ఉండిపోదామని అక్కతో కూడా అనేశా. తూర్పు గది దులిపించాం."

"స్వెట్టర్ కూడా పట్టుకెళ్ళడం చూశాలే."

"స్వెట్టరా? దాని అల్లిక చూపించమంది అక్క! విప్పి చూపిస్తే మళ్ళీ అల్లడం రాక తిప్పలు పడుతోంది."

టైలరమ్మ నుదురు కొట్టుకుంది.

"రాసింది అర్థం కాలేదు," అంది ఆడపడుచు. గొంతు తగ్గింది. "తెలుగులో చెప్పు."

చెప్పు. చెప్పండి కాదు. ఆ మాట తోక ఊపుకుంటూ తీగ వెంట నడిచొచ్చి టైలరమ్మ చెవి దగ్గర కూర్చుంది.

"వచ్చెయ్," అంది. అన్నాక, ఇక భయమేముంది? "వచ్చెయ్ వదినా. జాలీలో దారాలు నావే. స్టవ్ మీద మరకా నాదే. నువ్వు లేకపోతే నాకు చేతులాడడం లేదు."

"నోటెడ్," అంది ఆడపడుచు. ఓ క్షణం ఆగి, "డ్యూ డేట్ వెయ్యలేదుగా మరి చీటీలో?"

"శనివారం. దాటితే ఫైన్."

ఫోన్ పెట్టేశాక టైలరమ్మ వెళ్ళి ఒక గ్లాసు మంచినీళ్ళు నిలబడే తాగేసింది. ఆకలి వేసింది.

*

శనివారం మధ్యాహ్నం ఆటో ఆగింది. ఆడపడుచు దిగింది. చంకలో దిండు గలీబు ఒకటి, మూతి ముడేసి ఉంది.

"ఇదేంటి?"

"సంచి పంపించేశాగా! బట్టలు దీన్లో కట్టిచ్చింది అక్క. బస్సులో పక్కావిడ తల ఆనించుకుని నిద్రపోయింది." మెట్లెక్కుతూ మధ్యలో ఆగింది. "ఇదేంటి, మెట్లు కడగలేదా నువ్వు?"

"నీ వంతు."

"ఊళ్ళో లేని మనిషి వంతేంటి?"

"వచ్చావుగా, ఇప్పుడు కడుగు."

కొట్లోంచి తాళాలాయన తల బయటపెట్టాడు. రెండేళ్ళలో ఆ ఇద్దరూ నోటితో పోట్లాడుకోవడం ఆయన వినడం ఇదే మొదలు. తల లోపలికి తీసుకుని ఆకురాయి పనిలో పడ్డాడు.

సాయంత్రం ఇద్దరూ కలిసే మెట్లు కడిగారు. ఒకరు నీళ్ళు పోశారు, ఒకరు చీపురుతో తోశారు. చివరి మెట్టు మీద కూర్చుని తడి పాదాలు ఆరబెట్టుకుంటూ టైలరమ్మ ఆమె వెళ్ళిన రోజు నుంచీ నోట్లో నానుతున్నది అడిగింది.

"ఆరోజు వెళ్ళొస్తా అనలేదేం నువ్వు? వెళ్తున్నా అన్నావు."

ఆడపడుచు చీపురు పుల్ల ఒకటి తుంచి మెట్టు సందులో మట్టి గీకింది.

"అన్నయ్య అన్నాడుగా వెళ్ళొస్తానని. ఈ మెట్టు మీదే. అప్పట్నుంచి ఆ మాట అనను. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు కూడా ఎప్పుడూ అనలేదు. నువ్వు గమనించలేదు."

గమనించలేదు. తనకున్న భయమే ఆమెకీ ఉందని, అదే మాట దగ్గర తను ఎదురుచూస్తే ఆమె తప్పుకుంటోందని, ఇన్నేళ్ళూ ఒకే గోడకి అటూ ఇటూ పడుకుని కూడా తెలియలేదు. టైలరమ్మ చెయ్యి చాపి ఆమె చీర కొంగుకి అంటుకున్న నీలం దారప్పోగు తీసింది.

"ఇదీ నాదే," అంది.

ఆ రాత్రి వంట ముగిశాక ఆడపడుచు ఫ్రిజ్ మీది చీటీలు తీసి, నల్ల అయస్కాంతాన్ని ఆయన పనిముట్ల డబ్బాలో వేసేసింది. టైలరమ్మ మాత్రం ఒక చీటీ వెనక్కి తీసుకుంది. ప్లీజ్ క్లోజ్ ద ట్యాప్ యూ. దాన్ని లైబ్రరీ పుస్తకంలో గుర్తుగా పెట్టుకుంది.

"చివర్లో ఆ యూ ఏంటసలు?" అంది ఆడపడుచు.

"మర్యాద."

"నయం. ఆఫీసులో ఉండుంటే నిన్ను తెల్లారేసరికి పంపించేసేవాళ్ళు."

పెద్దక్క ఇద్దర్నీ రమ్మంది. స్వెట్టర్ అల్లిక ముడి పడింది, విప్పడానికి టైలరమ్మ చెయ్యే కావాలట. వచ్చేవారం ఇద్దరూ కలిసి వెళ్ళడానికి ఒప్పుకున్నారు. బట్టలన్నీ ఒకే సంచిలో పట్టేస్తాయి.

మర్నాడు పొద్దున టైలరమ్మ సంచి భుజాన వేసుకుని కింద కొట్లోకి దిగింది. ఇత్తడి తాళాన్ని కొక్కెం నుంచి తప్పించి బల్ల మీద పెట్టింది.

"దీనికి చెవి చెయ్యాలి."

తాళాలాయన చేతులు తుడుచుకుని తాళం అందుకున్నాడు. కన్నంలోకి తొంగిచూశాడు. "చేస్తానమ్మా, ఎంతసేపు? కాకపోతే పాత చెవి ఉంటే అచ్చు తేలిగ్గా పడుతుంది. అయ్యగారి దగ్గరుందన్నారుగా. ఆయనొచ్చేదాకా ఆగమంటే ఆగుతా."

పైన కిటికీలోంచి ఆడపడుచు బట్టలు దులుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆగక్కర్లేదు," అంది టైలరమ్మ. "ఆయన తొమ్మిదేళ్ళ కిందట, వానలు మొదలైన వారం, సోమవారం పొద్దున వెళ్ళారు. తిరిగి రాలేదు."